న్యాయవిద్యలో విద్యార్థి నిమగ్నత: చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతం ఆధారంగా

న్యాయశాస్త్రం చదివేవారు తమ చదువు మీద ఎంత శ్రద్ధ, ఎంత ఇష్టం, ఎంత ఆలోచన పెడుతున్నారో తెలిపే భావనను న్యాయవిద్యలో విద్యార్థి నిమగ్నత అంటారు. తరగతిలో కూర్చోవడం ఇందులో ఒక భాగం మాత్రమే. జెన్నిఫర్ ఫ్రెడ్రిక్స్, ఫిలిస్ బ్లూమెన్‌ఫెల్డ్, ఆలిసన్ పారిస్ 2004లో ప్రచురించిన సమీక్షా వ్యాసం నిమగ్నతను మూడు పాయలుగా విడదీసి చూపింది. తరగతికి రావడం, అప్పగించిన పని పూర్తిచేయడం, చర్చలో నోరు విప్పడం వంటి బయటికి కనిపించే నడవడిని ప్రవర్తనాపరమైన నిమగ్నత అన్నారు. చదువు పట్ల, అధ్యాపకుల పట్ల కలిగే ఆసక్తి, విసుగు, భయం, ఇది తన చోటే అన్న భరోసా భావపరమైన నిమగ్నత కిందికి వస్తాయి. కష్టమైన విషయం ఎదురైనప్పుడు దగ్గరి దారి వెతుక్కోకుండా దాని లోతు చూడడానికి పడే శ్రమ మేధాపరమైన నిమగ్నత. అదే ఏడాది అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో న్యాయ కళాశాలల కోసమే ప్రత్యేకమైన నిమగ్నతా సర్వే మొదలైంది.

న్యాయవిద్యకు ఈ భావన మిగిలిన చదువుల కంటే ఎక్కువగా వర్తిస్తుందనడానికి బలమైన కారణం ఉంది. చట్టం ఎక్కడో ప్రయోగశాలలో ఉండే వస్తువు కాదు. పొలం గట్టు దగ్గర, తహసీల్దారు కార్యాలయంలో, పోలీసు స్టేషనులో, పెళ్లి సంబంధంలో, అప్పు పత్రంలో అది రోజూ పనిచేస్తూనే ఉంటుంది. అయినా చట్టం చదివే విద్యార్థి ఆ చుట్టుపక్కల చట్టాన్ని పక్కన పెట్టి, నోట్సులోని సెక్షన్లను అప్పజెప్పి బయటపడే పరిస్థితి చాలాచోట్ల ఉంది. రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ మండలాలు ఈ ఎడాన్ని పరిశీలించడానికి అరుదైన నేల, ఎందుకంటే దేశవ్యాప్తంగా న్యాయ విద్యార్థులు చదివే కొన్ని తగాదాలు ఈ పరిసరాల్లోనే పుట్టాయి.

ప్రాంతం, నేపథ్యం

హైదరాబాదుకు పడమట, బీజాపూర్ రోడ్డు మీద మొదట మొయినాబాద్, తరువాత చేవెళ్ల వస్తాయి. 1908 నాటి మూసీ వరదల అనంతరం మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ నిర్మితమయ్యాయి. ఈ మండలాల్లోని అనేక గ్రామాలు ఆ జంట జలాశయాల పరీవాహకంలో ఉన్నాయి. కూరగాయలకు, పూల తోటలకు పేరుపడిన ఈ పల్లెల చుట్టూ గత మూడు దశాబ్దాలలో ఇంజనీరింగు, వైద్య, ఫార్మసీ కళాశాలలు వరసగా వెలిశాయి. న్యాయవిద్య కోసం ఇక్కడి పిల్లలు పొరుగున శంకర్‌పల్లి మండలం దొంతాన్‌పల్లిలో ఉన్న ఇక్ఫాయ్ విశ్వవిద్యాలయ లా స్కూలు వంటి సంస్థలకో, నగరంలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కళాశాలలకో వెళతారు. జాతీయ స్థాయి ప్రవేశ పరీక్షలో నెగ్గినవారికి శామీర్‌పేటలో 1998లో ఏర్పడిన నల్సార్ ఉంది.

ఈ నేలకు న్యాయవృత్తితో ఉన్న సంబంధం కొత్తది కాదు. ఈ జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ కొండా వెంకట రంగారెడ్డి (1890–1970) మొయినాబాద్ మండలంలోని పెద్దమంగళారం వాసి. వకీలుగా పేరు తెచ్చుకుని, నిజాం రాష్ట్రంలోని ప్రజా ఉద్యమాల్లో పాల్గొని, తరువాత ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి అయ్యారు. ఆ కొండా కుటుంబానికే చెందిన జస్టిస్ కొండా మాధవరెడ్డి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు, ఆపైన బొంబాయి హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. రంగారెడ్డి కాలంలో హైదరాబాదు రాజ్యపు కోర్టుల భాష ఉర్దూ. ఒక పల్లె నుంచి వచ్చిన విద్యార్థి పరాయి భాషలో చట్టం నేర్చుకోవలసి రావడం అనే సమస్య ఇక్కడ నూరేళ్లకు పైబడినదే. భాష మాత్రం మారింది.

ఇక్కడి విద్యార్థులు ఒకే మూసలోని వారు కారు. ఇంటర్మీడియట్ తరువాత ఐదేళ్ల కోర్సులో చేరే పద్దెనిమిదేళ్లవారు ఒక వర్గం. డిగ్రీ అయ్యాక లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరేవారు మరో వర్గం. ఈ రెండో వర్గంలో ఉద్యోగులు, చిన్న వ్యాపారులు, పిల్లల తల్లులు కూడా ఉంటారు. పెద్దవారి చదువు గురించి రాసిన మాల్కమ్ నోల్స్, వయోజనులు తమ జీవితంలో వెంటనే పనికివచ్చే సమస్య చుట్టూ అల్లిన పాఠాన్నే గట్టిగా పట్టుకుంటారని చెప్పారు. చేవెళ్ల నుంచి నగరానికి దాదాపు 40 కిలోమీటర్ల ప్రయాణం కూడా ఈ లెక్కలోకి రావాలి. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం ఆర్టీసీ బస్సులో ఆడపిల్లలకు ఛార్జీ లేకుండా చేసినా, ప్రయాణానికి పట్టే సమయం, ఆ అలసట అలాగే ఉన్నాయి. ఇటువంటి విద్యార్థి మధ్యాహ్నపు తరగతిలో మౌనంగా ఉంటే దానిని అనాసక్తి అని తేల్చేయడం తొందరపాటు.

హాజరు, ప్రేరణ

భారత బార్ కౌన్సిల్ 2008 న్యాయవిద్యా నియమాల ప్రకారం ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. ప్రత్యేక కారణాలు చూపితే దానిని 65 శాతం వరకు సడలించవచ్చు. ప్రవర్తనాపరమైన నిమగ్నతను కొలవడానికి ఇది సులువైన కొలబద్ద కనుకనే సంస్థలు దీని మీద ఎక్కువగా ఆధారపడ్డాయి. అయితే బయటి నుంచి వచ్చే అదుపు లోపలి ఇష్టాన్ని పెంచదని, కొన్ని సందర్భాల్లో తగ్గిస్తుందని ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్‌ల స్వయంనిర్ణయ సిద్ధాంతం చెబుతుంది. ఆ సిద్ధాంతం ప్రకారం మనిషికి మూడు మూలమైన మానసిక అవసరాలున్నాయి: తన పనిని తానే ఎంచుకుని చేస్తున్నానన్న భావన, ఆ పని తనకు చేతనవుతుందన్న భావన, చుట్టూ ఉన్నవారు తనను తమవాడిగా చూస్తున్నారన్న భావన. ఈ మూడూ తీరిన చోట ప్రేరణ లోపలి నుంచి పుడుతుంది. తీరనిచోట మార్కులు, భయం, పరువు మాత్రమే విద్యార్థిని నడుపుతాయి.

కెనన్ షెల్డన్, లారెన్స్ క్రీగర్ ఈ సిద్ధాంతాన్ని అమెరికా న్యాయ విద్యార్థుల మీద పరీక్షించారు. 2004లో వెలువడిన వారి అధ్యయనంలో, మొదట మిగిలినవారిలాగే ఆరోగ్యకరమైన మానసిక స్థితితో చేరిన విద్యార్థులు తొలి ఏడాది ముగిసేసరికి సంతోషంలో వెనకబడినట్టు, సేవ, ఎదుగుదల వంటి లోపలి విలువల నుంచి పేరు, ప్రదర్శన వంటి బయటి విలువల వైపు జరిగినట్టు తేలింది. 2007 నాటి అధ్యయనం రెండు న్యాయ కళాశాలలను మూడేళ్లపాటు పోల్చి, అధ్యాపకులు తమ అభిప్రాయానికి విలువ ఇస్తున్నారని విద్యార్థులు భావించిన కళాశాలలో ఈ క్షీణత తక్కువగా ఉందని, బార్ పరీక్ష ఫలితాలు కూడా మెరుగ్గా ఉన్నాయని చూపింది. క్రమశిక్షణ, స్వేచ్ఛ ఒకదానికొకటి విరోధులన్న నమ్మకాన్ని ఈ ఫలితం బలంగా దెబ్బతీస్తుంది.

భారతదేశంలో ఈ చర్చ విషాదం గుండా వచ్చింది. హాజరు చాలక పరీక్షకు అనర్హుడైన ఢిల్లీ న్యాయ విద్యార్థి ఒకరు 2016లో ఆత్మహత్య చేసుకున్న ఉదంతం కోర్టుకెక్కి, 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు తీర్పుతో ముగిసింది. హాజరు తగ్గిందన్న కారణంతో ఏ న్యాయ విద్యార్థినీ పరీక్ష రాయకుండా ఆపకూడదని, మూట్ కోర్టులు, సెమినార్లు, కోర్టు సందర్శనలు వంటివాటిని కూడా లెక్కలోకి తీసుకునేలా బార్ కౌన్సిల్ తన నియమాలను పునఃపరిశీలించాలని ఆ తీర్పు చెప్పింది. పిల్లల ప్రాణం మీదికి వచ్చే ఏ నియమాన్నీ క్రమశిక్షణ పేరుతో సమర్థించడం తగదు. అట్లాగని హాజరు పట్టిక తీసేసినంతమాత్రాన నిమగ్నత దానంతటదే రాదు; ఖాళీ అయిన ఆ చోటులో ఏం పెడతారన్నదే అసలు విషయం.

భాష మోపే భారం

ఆస్ట్రేలియా మనోవిజ్ఞానవేత్త జాన్ స్వెల్లర్ 1988లో ప్రతిపాదించిన గ్రహణభార సిద్ధాంతం ప్రకారం మనసు ఒకేసారి మోయగల సమాచారం చాలా పరిమితం. విషయానికి సహజంగా ఉండే కష్టం ఒకటి, దానిని చెప్పే తీరు వల్ల అదనంగా వచ్చిపడే కష్టం మరొకటి. ఒక చట్టపు సెక్షన్లో ప్రధాన నియమం, దాని వెంట మినహాయింపు, ఆ మినహాయింపుకు మళ్లీ షరతు, చివర వివరణ ఒకే వాక్యంలో అల్లుకుని ఉంటాయి. తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివిన విద్యార్థి ఆ వాక్యాన్ని ఇంగ్లిషులో చదివేటప్పుడు తర్కాన్ని పట్టుకోవడానికి మిగలవలసిన శక్తిలో ఎక్కువ భాగం మాటల అర్థం వెతకడానికే ఖర్చవుతుంది. అటువంటి విద్యార్థి బట్టీకి దిగడం సోమరితనం కాదు. మోయలేని బరువును దించుకునే ఉపాయం అది. ఆ ఉపాయం పరీక్షలో మార్కులు తెచ్చి, కోర్టులో వాది ప్రశ్న అడిగినప్పుడు చేతులెత్తేస్తుంది.

రాజ్యాంగపు 348వ అధికరణం హైకోర్టు, సుప్రీంకోర్టుల భాషగా ఇంగ్లిషును నిలిపింది కనుక ఆ భాషను తప్పించుకునే దారి వృత్తిలో లేదు. కాని చేవెళ్ల కోర్టుకు వచ్చే కక్షిదారు మాట్లాడేది తెలుగు. సాక్షి చెప్పేదీ తెలుగే. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక కుటుంబ భూవివాదంలో తెలుగులోనే తీర్పు వెలువరించి, దానికి ఇంగ్లిషు ప్రతిని కూడా జతచేసింది. ఆ తీర్పు రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి చదివించడం కంటే మంచి పాఠం దొరకడం కష్టం: తర్కాన్ని ముందు ఇంటి భాషలో పట్టుకున్న విద్యార్థికి ఇంగ్లిషు ప్రతిలో మోయవలసింది భాష ఒక్కటే అవుతుంది. రెండు కష్టాలనూ ఒకదాని తరువాత ఒకటిగా ఎత్తుకునే వీలు కల్పించడమే ఇక్కడ అధ్యాపకుడి నైపుణ్యం.

భాష విషయంలో భావపరమైన నిమగ్నత కూడా దెబ్బతింటుంది. ఆల్బర్ట్ బందూరా 1977లో వివరించిన స్వీయసామర్థ్య విశ్వాసం, అంటే ఫలానా పని తాను చేయగలనన్న నమ్మకం, ఎక్కువగా చిన్న చిన్న విజయాల మీద పెరుగుతుంది. నిండు తరగతిలో ఇంగ్లిషు ఉచ్చారణకు ఒకసారి నవ్వులపాలైన విద్యార్థి మళ్లీ చెయ్యెత్తడు. 1870లో హార్వర్డ్ డీన్ అయిన క్రిస్టఫర్ లాంగ్‌డెల్ ప్రవేశపెట్టిన తీర్పుల అధ్యయన పద్ధతి, దానితో కలిసి స్థిరపడిన ప్రశ్నోత్తర బోధన ప్రపంచమంతటా పేరుపొందాయి. నలుగురిలో నిలబెట్టి వరస ప్రశ్నలు వేసే ఆ విధానం కొందరిని పదునెక్కించినా, భాషలో భయం ఉన్నవారిని మరింత ముడుచుకునేలా చేస్తుంది. ముందు ఇద్దరిద్దరుగా తెలుగులో మాట్లాడుకుని, ఆపైన తరగతికి ఇంగ్లిషులో చెప్పే వెసులుబాటు ఇస్తే ఆ పద్ధతి పదును పోదు, భయం తగ్గుతుంది.

జీవో 111 పాఠ్యాంశంగా

1996 మార్చి 8న జారీ అయిన జీవో 111, జంట జలాశయాలకు 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. మొయినాబాద్, శంకర్‌పల్లి, శంషాబాద్, చేవెళ్ల తదితర మండలాల్లో 1,32,600 ఎకరాలు దీని కిందికి వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 69 ద్వారా ఈ ఆంక్షలను సడలించింది. 2023 మేలో దానిని పూర్తిగా రద్దుచేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. భూమి ధర పెరగాలని కోరుకునే రైతు, నీరు పాడవుతుందని భయపడే నగరవాసి, నిర్మాణ సంస్థ, ప్రభుత్వం అందరూ ఈ ఒక్క జీవో చుట్టూ నిలబడి ఉన్నారు.

దీని మీద పర్యావరణ చట్టంలో మైలురాయిగా నిలిచిన తీర్పు ఉంది. హిమాయత్‌సాగర్‌కు సమీపంలో, శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదపు నూనె ఉత్పత్తుల పరిశ్రమ పెట్టదలచిన సంస్థకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. అప్పీలు అధికార సంస్థ ఆ పరిశ్రమ పక్షాన నిలిచింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరి ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసుగా ప్రసిద్ధమైంది. 1999 జనవరి 27న జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని విపులంగా చర్చించింది. నష్టం జరుగుతుందని శాస్త్రీయంగా పూర్తిగా రుజువయ్యేదాకా ఆగనక్కరలేదు, హాని ఉండదని చూపించే బాధ్యత పరిశ్రమ పెట్టేవారిదే అన్నది దాని సారం. శాస్త్ర విషయాలు తేల్చడానికి న్యాయమూర్తులతో పాటు నిపుణులు కూడా ఉన్న కోర్టులు కావాలని ఆ తీర్పు చేసిన సూచన 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టానికి దారితీసిన ఆలోచనల్లో ఒకటి. రెండోసారి 2000 డిసెంబరులో వెలువడిన తీర్పులో, తాగునీటి వనరును కాపాడే నిషేధం నుంచి ఒక్క పరిశ్రమకు మినహాయింపు ఇవ్వడం చెల్లదని కోర్టు తేల్చింది.

ఈ కేసును మామూలుగా పరీక్షకు ఐదు వాక్యాల్లో చదువుతారు: వాస్తవాలు, వివాదాంశం, నిర్ణయం, కారణం, సూత్రం. దానినే నిమగ్నత కలిగించేలా నడిపించాలంటే వారం ముందు విద్యార్థులకు మూడు కాగితాలు చాలు, జీవో 111 ప్రతి, తీర్పులోని ముఖ్య పేరాలు, జలాశయాల పరీవాహకం చూపే పటం. తరగతిని మండలి, పరిశ్రమ, పెద్దషాపూర్ రైతులు, నగరంలో నల్లా నీళ్లు తాగే కుటుంబాలు, శాస్త్ర నిపుణులు అనే పక్షాలుగా విడదీసి, ఎవరి ఇంటి ప్రయోజనం ఏ పక్షాన ఉందో దానికి ఎదురు పక్షం అప్పగించాలి. ఆ 84 గ్రామాల్లో ఏదో ఒక ఊరి నుంచి వచ్చి, ఆంక్షల వల్ల తమ భూమికి ధర రాలేదని ఇంట్లో వింటూ పెరిగిన విద్యార్థి మండలి పక్షాన నిలబడి ముందుజాగ్రత్త సూత్రాన్ని సమర్థించవలసి వచ్చినప్పుడు, అతని మనసులో పనిచేసేది జ్ఞాపకశక్తి కాదు. న్యాయవాది వృత్తికి ప్రాణమైన పక్షాంతర ఆలోచన. మరుసటి తరగతిలో పుస్తకం మూసి ఆ తీర్పు తర్కాన్ని ఒక పేజీలో రాయించాలి. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో చేసిన ప్రయోగాల్లో, ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత మెరుగ్గా గుర్తుచేసుకున్నా, వారం గడిచాక చూస్తే పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవారే ముందున్నారు. చదివిందంతా వచ్చేసిందనిపించే భ్రమను వదిలించడానికి ఈ చిన్న అభ్యాసం చాలు.

భూమి కాగితాలు

అప్పటికే తెలిసిన దాని మీదనే కొత్త జ్ఞానం నిలబడుతుందని డేవిడ్ ఆసుబెల్ 1968లో చెప్పారు. ఈ లెక్కన చేవెళ్ల ప్రాంతపు విద్యార్థి ఆస్తి చట్టం తరగతికి ఖాళీ చేతులతో రావడం లేదు. పహాణీ, పట్టా, సాదా బైనామా, అగ్రిమెంటు, జీపీఏ, మ్యుటేషన్, అసైన్డ్ భూమి, 38-ఇ సర్టిఫికెట్ వంటి మాటలు ఇంట్లో విని ఉంటాడు. 1882 ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షన్ ప్రకారం అమ్మకపు ఒప్పందం దానంతట అది భూమి మీద హక్కు కలిగించదు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ద్వారా జరిగే అమ్మకం యాజమాన్యాన్ని బదలాయించదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ రెండు విషయాలూ విద్యార్థికి పుస్తకంలోని సూత్రాలుగా చెబితే ఒక రకం. ఊళ్లో తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాకు, రిజిస్టరైన దస్తావేజుకు తేడా ఏమిటని అడిగితే మరో రకం.

పహాణీలో పట్టాదారు పేరు ఒక గడిలో, అనుభవదారు పేరు వేరే గడిలో ఉండేవి. యాజమాన్యం వేరు, స్వాధీనం వేరు అన్న న్యాయశాస్త్రపు మౌలిక భేదం ఆ రెండు గడుల్లోనే కనిపిస్తుంది. 2020లో ధరణి పోర్టల్ వచ్చినప్పుడు అనుభవదారు గడి పోయింది. దానితో కౌలుదారులు, సాదా బైనామాల మీద భూమి సాగుచేసేవారు రికార్డులో కనిపించకుండా పోయారు. 2025 నాటి భూభారతి చట్టం పెండింగులో ఉన్న సాదా బైనామాల పరిష్కారానికి దారి చూపింది. మూడు దశల రికార్డులను పక్కపక్కన పెట్టి, ప్రతి మార్పులో ఎవరి హక్కు కనిపించింది, ఎవరిది కనిపించలేదు అని అడిగే పాఠం మేధాపరమైన నిమగ్నతకు మంచి నమూనా. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: విద్యార్థి తన కుటుంబపు నడుస్తున్న తగాదాను తరగతి ముందు పెట్టేలా చేయకూడదు. గ్రామాల్లో వాది, ప్రతివాది పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే అవకాశం ఉంది. అందుకే పేర్లు, సర్వే నంబర్లు తీసేసిన పాత కాగితాలే వాడాలి.

క్రిమినల్ చట్టంలోనూ ఇటువంటి సామగ్రి ఉంది. 2022 అక్టోబరులో మొయినాబాద్ మండలంలోని ఒక ఫామ్‌హౌస్ నుంచి మొదలైన శాసనసభ్యుల కొనుగోలు ఆరోపణల కేసులో, అరెస్టుకు ముందు నేర విచారణ స్మృతిలోని 41-ఎ నోటీసు ఇవ్వలేదన్న కారణంతో కింది కోర్టు నిందితుల రిమాండును తొలుత నిరాకరించగా హైకోర్టు దానిని తోసిపుచ్చింది. దర్యాప్తు ఎవరు చేయాలన్న ప్రశ్న కూడా అక్కడే నలిగి, కేసు సీబీఐకి అప్పగించాలన్న ఆదేశం వచ్చింది. 2024 జూలై 1 నుంచి నేర విచారణ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి రావడంతో ఆ 41-ఎ నిబంధన 35వ సెక్షన్లోకి వెళ్లింది. సెక్షన్ల సంఖ్యలు బట్టీపట్టినవారికి ఈ మార్పు పెద్ద దెబ్బ. ఆ నిబంధన ఎందుకుందో తెలిసినవారు మారిన సంఖ్యను వారంలో నేర్చుకోగలరు.

కోర్టు, క్లినిక్

బార్ కౌన్సిల్ నియమాలు మూట్ కోర్టును, ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశాయి: మూడేళ్ల కోర్సుకు కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాల ఇంటర్న్‌షిప్, ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణను చూసి డైరీ రాయడం. ఆ డైరీని పాతవారి డైరీ చూసి నింపే అలవాటు చాలాచోట్ల పాతుకుపోయింది. నగరంలోని పెద్ద కోర్టుల్లో చేరి వెనక వరుసలో నిలబడే ఇంటర్న్‌షిప్ కంటే, కక్షిదారు మాటను పక్కనే కూర్చుని వినగల చేవెళ్ల కోర్టులో గడిపిన వారాలు ఎక్కువ నేర్పుతాయి. కేసు వాయిదా పడిన రోజున కూడా, ఎందుకు పడింది, ఎవరు రాలేదు, వాయిదా వల్ల నష్టపోయింది ఎవరు అని రాసిన డైరీలో విచారణా విధానమంతా కనిపిస్తుంది.

1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద నడిచే ఉచిత న్యాయసహాయం, లోక్ అదాలత్‌లు విద్యార్థులకు మరో దారి. కళాశాలల న్యాయసహాయ కేంద్రాలు ఏడాదికొకసారి ఊరేగింపుగా వచ్చి బ్యానర్ కట్టి వెళ్లడం వల్ల ఊరికీ, విద్యార్థికీ పెద్దగా మేలు జరగదు. నెలనెలా ఒకే ఊరికి ఒకే బృందం వెళ్లి, పింఛను, పాస్‌బుక్, భరణం, కూలి బకాయి వంటి అర్జీలు అధ్యాపకుడి పర్యవేక్షణలో రాసిపెడితే, స్వయంనిర్ణయ సిద్ధాంతం చెప్పిన మూడు అవసరాలూ ఒకేచోట తీరుతాయి: ఏ అర్జీ చేపట్టాలో విద్యార్థే ఎంచుకుంటాడు, రాసింది పనిచేసిందో లేదో కొద్ది వారాల్లో తెలుస్తుంది, మళ్లీ వెళ్లినప్పుడు ఊరివాళ్లు పేరుపెట్టి పిలుస్తారు. అర్జీ తిరస్కరణకు గురైతే ఎక్కడ తప్పు జరిగిందో వెతుక్కుని మళ్లీ రాయవలసి వస్తుంది. పరీక్షల్లో తిరిగిచ్చే జవాబుపత్రాలు లేని కళాశాలల్లో విద్యార్థికి తన పని మీద దొరికే నికరమైన స్పందన ఇదొక్కటే కావచ్చు.